చట్టం మెచ్చిన కారు

మన దేశంలో చట్టాలు చేసేవాళ్ళకి జనం కష్టాలు తెలియవని తిట్టుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ పాతకాలపు బండ్ల మీద ఇచ్చిన నోటిఫికేషన్ చదివాక ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. యాభై ఏళ్ళు దాటిన కారుని వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకుంటే నంబర్ ప్లేటు మీద రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు. పదేళ్ళు చెల్లుతుంది. అలా రిజిస్టరైన కారుని రోజువారీ పనులకి వాడకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కించాలి.

చాలామంది దీన్ని ఆంక్ష అనుకున్నారు. నాకు మాత్రం మా కారు జాతకం ఎవరో ఢిల్లీలో కూర్చుని రాసినట్టు అనిపించింది. కొన్నప్పటి నుంచి ఆ కారు పెట్రోలుకీ రిపేరుకీ తప్ప ఇంకో పనికి బయటికి వెళ్ళి ఎరగదు. ర్యాలీకి ఒకసారి బయల్దేరింది గానీ అదీ రిపేరులోనే తేలింది.

కారు 1969 మోడల్. పుట్టింది ఇంగ్లండులో. రెండే సీట్లు, నెత్తిన మడిచిపెట్టే రెక్సిన్ టాపు. రాజమండ్రి అవతల ఒక పెంకుటింటి వసారాలో కోళ్ళు దాన్లో గుడ్లు పెట్టుకుంటుంటే చూసి మనసు పారేసుకున్నాను. కంపెనీ పేరు రాయను, చుట్టాల పరువు తియ్యడం నాకిష్టం లేదు. మన విశాఖ బీచ్ రోడ్డులో ఒడ్డున పడుకున్న కురుసుర జలాంతర్గామి కూడా అదే ఏడాది నౌకాదళంలో చేరింది. 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది నుంచి మ్యూజియంగా, ఉన్నచోట ఉండి టిక్కెట్టు డబ్బులు సంపాదించిపెడుతోంది. మా కారూ ఉన్నచోటే ఉంటుంది. టిక్కెట్టు మాత్రం ఎవరూ కొనరు.

దీన్ని బాగుచేయడానికి కంచరపాలెంలో డెబ్బై దాటిన మేస్త్రి ఒకాయన దొరికాడు. ఈ కారుకి ఇంజన్ మీది మూత మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకి ఒరుగుతుంది. అది చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ‘ఏటి బాబూ, ఇది మన హెరాల్డు కదేటి!’ అన్నాడు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డుకి మా కారు దగ్గరి చుట్టమే. ఆ మూత ఎత్తితే ముందు టైరు ఖాళీగా, కూర్చోవడానికి వీలుగా బయటపడుతుంది. మేస్త్రి దాని మీద, ఇంటి అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా కూర్చున్నాడు. పదకొండు నెలలు లేవలేదు.

ఆలస్యంలో ఆయన తప్పేం లేదు. ఈ కారు నట్లన్నీ అంగుళాల లెక్క. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మన షెడ్లలో ఉండేది పదమూడో నంబరు పానా. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. గట్టిగా బిగుసుకున్న నట్టు మీద వేసి తిప్పితే ఆ 0.3 మిల్లీమీటర్ల సందులో జారి నట్టు మూలలన్నీ అరిగిపోతాయి. తర్వాత దాన్ని ఊడదీయాలంటే ఉలీ సుత్తీ కావాలి. ఇలా ఆరేడు నట్లు అమరులయ్యాక ఇంగ్లండు నుంచి అంగుళాల పానాల సెట్టు తెప్పించాను. మేస్త్రి దానికి పసుపు కుంకుమ పెట్టి, గూట్లో దేవుడి పటం పక్కన ఉంచాడు.

‘వాడరేం?’ అన్నాను.

‘మంచి సామాను బాబూ. వాడితే పాడైపోద్ది.’

తుప్పు సంగతి విశాఖవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎడమ తలుపుకి టింకరింగ్ పూర్తయ్యేసరికి సముద్రం గాలి కుడి తలుపు సంగతి చూసింది.

మధ్యలో ఒకసారి మేస్త్రికి నా మీద జాలేసింది. ‘దీన్లో చిన్న కొత్త ఇంజనోటి పెట్టేసి, ఏసీ వేసేద్దాం బాబూ. పైన రేకు కొట్టేద్దాం. హాయిగా తిరుగుతారు’ అన్నాడు. నేను నోటిఫికేషన్ తీసి చూపించాను. వింటేజ్ హోదా కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదు, బండి దాని అసలు రూపంలోనే ఉండాలి. చట్టం ఒప్పుకోదన్నాను.

‘చట్టానికేటి బాబూ, దానికి చెమట పట్టదు’ అన్నాడు.

ఇక బండి తయారైంది. సరిగ్గా రోహిణి కార్తెకి. రోళ్ళు పగిలే ఎండ అంటారు గదా, మా రేడియేటర్ రోలు కంటే గట్టిదేం కాదు. విశాఖ ఎండకి తోడు ఉక్కపోత. నల్ల రెక్సిన్ సీటు మీద తడి తువ్వాలు పరిస్తే రెండు నిమిషాల్లో ఆవిరి కుడుము మీద కూర్చున్నట్టుంటుంది. గేరు రాడ్డు పట్టుకోవడానికి జేబురుమాలు, సీటు బెల్టు బకిల్ పెట్టుకోవడానికి రెండో జేబురుమాలు. మా ఆవిడ మొదటిరోజు ఒక్కసారి కూర్చుని లేచింది. ‘మీరు వెళ్ళిరండి, నాకు పొయ్యి ఇంట్లోనే ఉంది’ అంది.

ఇంజన్ తిరిగినంతే ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగితే వేడి ముల్లు పైకి పాకుతుంది. దానికి విరుగుడు అనుభవజ్ఞులందరూ ఒకటే చెబుతారు. హీటర్ పూర్తిగా తిప్పాలి. హీటర్ అంటే ఇంకో చిన్న రేడియేటరే. ఇంజన్లో మరిగిన నీళ్ళ వేడిని తీసుకుని మన కాళ్ళ మీదికి కొడుతుంది. ఇంజన్ చల్లబడుతుంది, మనిషి ఉడుకుతాడు. ఆ విధంగా మే నెలాఖరున, మధ్యాహ్నం పన్నెండున్నరకి, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర హీటర్ ఫుల్లుగా పెట్టుకుని కూర్చున్న ఏకైక భారతీయుణ్ణి నేను. పక్కన బైకు మీద కుర్రాడు కాలు వెనక్కి లాక్కున్నాడు.

‘ఏంటంకుల్, ఇంత వేడి వస్తోంది?’

‘హీటరు.’

‘పాడైందా?’

‘లేదు నాన్నా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది.’

ఇది చాలదని పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాన్లో 20 శాతం దాకా ఇథనాల్. చెరుకు మొలాసిస్ నుంచో, నూకల నుంచో, మొక్కజొన్న నుంచో తీసిన సారా అన్నమాట. 1969లో రబ్బరు పైపులు చేసినవాళ్ళు ఇది ఊహించలేదు. ఇన్నేళ్ళూ చుక్క ముట్టని ప్రాణానికి ఈ వయసులో అలవాటు చేస్తే ఏమవుతుంది? పైపులు మెత్తబడి, ఉబ్బి, చెమర్చడం మొదలుపెట్టాయి. అన్నీ మార్పించాను.

మొన్న ఆదివారం పెట్రోలు పోయించుకోవడానికి భీమిలి బయల్దేరాను. మా ఎంవీపీ కాలనీ నుంచి ఇరవై కిలోమీటర్ల పైమాటే. దారిలో బంకులు లేవా అంటే ఉన్నాయి. కానీ ఏ బంకులో పోయించుకోవాలన్నది నోటిఫికేషన్లో లేదు. బీచ్ రోడ్డు మీద ఒక పక్క సముద్రం, మొహానికి గాలి. ఆ నాలుగు నిమిషాలూ నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని మనిషిని. ఐదో నిమిషంలో, తెన్నేటి పార్కు ముందు జనం అడ్డొచ్చి బండి నెమ్మదించింది. రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది.

జబ్బు నాకు తెలుసు. ఈ ఇంజన్లో పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్లు రెండూ సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే వేడి పొగ బయటికి పోయే గొట్టాల నెత్తి మీద కూర్చుంటాయి. గాలి ఆడకపోతే పెట్రోలు దారిలోనే మరిగి ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. చేయవలసిందల్లా పంపు మీద తడిగుడ్డ వేసి, ఓపిగ్గా కూర్చోవడం. ఎదురుగా చెరుకురసం బండి ఉంది. ఐసు అడిగి తెచ్చి తువ్వాల్లో చుట్టి పంపు మీద పెట్టాను. లోపల చెరుకు సారా, పైన చెరుకు బండి ఐసు. నేను మేస్త్రిలాగే టైరు మీద కూర్చున్నాను.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. నంబర్ ప్లేటు చూశాడు, ‘వీఏ’ అక్షరాలు చూశాడు.

‘ఎక్కడికండీ?’

‘పెట్రోలుకి.’

‘ఎక్కడ పోయిస్తారు?’

‘భీమిలిలో.’

ఆయన సముద్రం వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. నేను ఫోన్లో నోటిఫికేషన్ తీసి, చదువుకోమని ఇచ్చాను. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివాడు. ఇంత శ్రద్ధగా చదివే మనిషిని నేను చూడలేదు.

‘పెట్రోలుకి వెళ్ళొచ్చనుంది, కరెక్టే. ప్రదర్శనకి, ర్యాలీకి అయితే రానూపోనూ అని రాశారు. పెట్రోలుకి రావడం సంగతి రాయలేదండి. మరి ఇంటికెలా వెళ్తారు?’

మూడేళ్ళుగా ఆ కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్నాను, నాకు తట్టలేదు. చుట్టూ చూశాను. ఓ ఇరవై మంది చేరారు. మురీ మిక్చర్ పొట్లం వెనక డిక్కీ మీద పెట్టి ఒకమ్మాయి సెల్ఫీ తీసుకుంటోంది. రెండో టైరు మీద ఒక పిల్లాడు ఎక్కి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న వాడికి రేడియేటర్ని చూపించి ఇంజన్ అని చెబుతున్నాడు.

‘ఇది ప్రదర్శనండి’ అన్నాను.

కానిస్టేబుల్ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

‘టిక్కెట్టెంత?’