సగం గ్లిసరాల్

(ఇంట్లో కంప్యూటర్ ఒకటి, దాని ముందు కుర్చీ ఒకటి, ప్రోటీన్ స్ఫటికాల మీద పనిచేసేవాళ్లు ఇద్దరు. ఎక్స్-రే డేటాతో గీసిన మ్యాపులో ఏ అణువు ఎక్కడుందో అమరుస్తున్నారు. గొడవకు ఇంతకన్నా సరంజామా అక్కర్లేదు.)

మాధవరావు: ఇంకా ఆ గ్లిసరాల్‌నే పట్టుకుని వేలాడుతున్నావా? తీసి పారెయ్యి.

శారద: ఎందుకు తీయాలి? మ్యాపులో ఎలక్ట్రాన్ సాంద్రత అంత బాగా కనబడుతోంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి.

మాధవరావు: పెట్టుకునే చూస్తున్నాను. నువ్వు అణువును పెట్టిన చోట ఎర్ర ముద్ద, పక్కన ఆకుపచ్చ ముద్ద. లేని చోట పెట్టావు, ఉన్న చోట పెట్టలేదు. రెండు విధాలా తప్పే.

శారద: స్ఫటికాన్ని గ్లిసరాల్‌లో ముంచింది ఎవరు? మీరు ముంచవచ్చు, నేను కనుక్కోకూడదా?

మాధవరావు: చల్లబరిచేటప్పుడు మంచు కట్టకూడదని ముంచాను. అంతమాత్రాన ప్రతి సందులోనూ అదే దూరిందని అర్థమా? నీళ్లు పెట్టి చూడు.

శారద: చూశాను. రెండు నీటి అణువుల మధ్య దూరం ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ వస్తోంది. హైడ్రోజన్ బంధం ఉన్నా దాదాపు 2.8 ఉండాలి. అవి నీళ్లేనంటారా?

మాధవరావు: మరి రిఫైన్‌మెంట్ చేసిన ప్రతిసారీ, అంటే ప్రోగ్రాం డేటాకు తగ్గట్టు సర్దిన ప్రతిసారీ, నీ గ్లిసరాల్ పక్కకెందుకు జరుగుతోంది?

శారద: అది తెలియకే కదా ఈ అవస్థ!

మాధవరావు: (కుర్చీ లాక్కుని) సిమెట్రీ అణువులను, అంటే సౌష్ఠవం వల్ల స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని, చూపించు... అదిగో! సరిగ్గా టూఫోల్డ్ అక్షం మీద కూర్చోబెట్టావు. ఆ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పినా స్ఫటికం అలాగే ఉంటుంది, కానీ గ్లిసరాల్ ప్రతిబింబం దాని నెత్తినే పడుతోంది.

శారద: ప్రతిబింబం అనకండి. ప్రోటీన్ స్ఫటికంలో అద్దాలుండవు. ఎడమవాటం అమైనో ఆమ్లాలకు అద్దం పడితే కుడివాటం అయిపోతాయి.

మాధవరావు: సరే, నకలు! అసలూ నకలూ ఢీకొంటున్నాయని ప్రోగ్రాం రెంటినీ విడదీస్తోంది. పాపం, దాని తప్పేముంది?

శారద: ఢీకొనడానికి రెండూ ఒకేసారి ఉంటే కదా! స్ఫటికంలో అదే అమరిక కోట్ల కోట్ల సార్లు ఉంది. కొన్ని చోట్ల గ్లిసరాల్ ఇటు తిరిగింది, కొన్ని చోట్ల అటు తిరిగింది. మ్యాపులో మనం చూసేది సగటు.

మాధవరావు: ఈ కుర్చీలాగే. సగం సేపు నువ్వు, సగం సేపు నేను.

(పూర్తిగా ఆవిడే. ఆయన వచ్చింది ఇప్పుడే.)

శారద: ఆక్యుపెన్సీ, అంటే ఎంత వంతు చోట్ల ఈ అమరిక ఉందో, 0.5 పెడుతున్నాను. నకలుతో వికర్షణ లెక్కలోకి తీసుకోవద్దని కూడా చెబుతున్నాను.

మాధవరావు: ఆక్యుపెన్సీని కూడా రిఫైన్ చెయ్యి.

శారద: చేయను. అక్షం మీద అది సగానికి మించడానికి వీల్లేదు. పైగా మన డేటా స్పష్టత 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లే. ఈ మసకలో ఆక్యుపెన్సీ తగ్గాలో, పరమాణువు ఎంత కదులుతోందో చెప్పే బి-ఫ్యాక్టర్ పెరగాలో ప్రోగ్రాం ఎలా తేలుస్తుంది?

మాధవరావు: ఏం చేసినా ఆర్-ఫ్రీ దిగాలి. 1992లో శాస్త్రవేత్త బ్రుంగర్ కొంత డేటాను పక్కన దాచి, దానితో నమూనా ఎంత తేడా పడుతోందో ఈ ఆర్-ఫ్రీతో చూడమన్నది నీలాంటి ఆశపోతుల కోసమే.

శారద: గ్లిసరాల్‌లో కార్బన్, ఆక్సిజన్ కలిపి ఆరు పరమాణువులు. మొత్తం వేలల్లో ఉంటే ఆరింటికి ఆర్-ఫ్రీ దిగుతుందా? మ్యాపు చూడండి.

(ప్రోగ్రాం నడిచింది. ఎర్ర ముద్ద పోయింది, ఆకుపచ్చదీ పోయింది. ఆర్-ఫ్రీ మాత్రం ఉలకలేదు, పలకలేదు.)

మాధవరావు: చూశావా, నేను చెప్పినట్టే అయింది!

శారద: మీరు తీసేయమన్నారు!

మాధవరావు: సగం తీశావు కదా.

శారద: సగం ఉంచాను కూడా. లేవండి, ప్రోటీన్‌లో ఈ లైసిన్ అనే అమైనో ఆమ్లం సంగతి చూడాలి. కొస అసలు కనబడటం లేదు.

మాధవరావు: కత్తిరించు.

శారద: కత్తిరిస్తే చూసినవాళ్లు పొట్టిదైన అలనీన్ అనుకుంటారు. ఉంచుతాను, బి-ఫ్యాక్టర్ పెరిగితే పెరగనివ్వండి.

మాధవరావు: పోనీ, ఆక్యుపెన్సీ సున్నా పెట్టు.

శారద: అంటే బొమ్మలో ఉండాలి, లెక్కలో ఉండకూడదు! ముందు మీరు ఆ కుర్చీ ఖాళీ చెయ్యండి.