గడ్డి టోపీ పెట్టుకున్న పుర్రె వల్ల దేశానికి ముప్పు

దేశం ప్రమాదంలో పడిందని ఎలా తెలుస్తుంది? సరిహద్దుల్లో సైన్యం కదిలితే తెలుస్తుందని మనలాంటి అమాయకులం అనుకుంటాం. ఇండోనేషియా పెద్దలకు మాత్రం లారీల వెనకాల చూస్తే తెలిసిపోయింది.

2025 ఆగస్టు. అక్కడ 80వ స్వాతంత్ర్య దినోత్సవం దగ్గర పడింది. ఎర్రా తెల్లా జాతీయ జెండా కట్టుకోండయ్యా అంటే, ధరలకీ పన్నులకీ ఒళ్లు మండిన జనం ఓ నల్ల గుడ్డ కట్టారు. గుడ్డ మీద గడ్డి టోపీ పెట్టుకుని ఇకిలిస్తున్న పుర్రె. 1997 నుంచి జపాన్‌లో వస్తూనే ఉన్న 'వన్ పీస్' బొమ్మల కథలో, లుఫీ అనే సముద్రపు దొంగ ఓడకి ఉండే జెండా అది. పార్లమెంటు ఉపసభాపతి ఒకాయన ఇది దేశాన్ని చీల్చే ప్రయత్నమన్నారు. ఓ మంత్రిగారు 2009 నాటి జెండా చట్టం దుమ్ము దులిపారు.

ఆ తర్వాత ఏసీ గదిలో జరిగి ఉండాల్సిన సమీక్షా సమావేశం నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

"ముఠా నాయకుడెవరు?"

"లుఫీ సార్. వయసు 19."

"విదేశీ నిధులున్నాయా?"

"నిధి కోసమే వెతుకుతున్నాడు సార్. ఇన్నేళ్లయినా దొరకలేదు."

"డిమాండ్లు?"

"మాంసం సార్."

"ఇంకా?"

"ఇంకొంచెం మాంసం సార్."

"ఆయుధాలు?"

"చేతులే సార్. రబ్బరులా సాగుతాయి."

"సముద్రంలోకి పారిపోతే?"

"ఈత రాదు సార్."

"సముద్రపు దొంగకి ఈత రాదా! ఇందులో ఏదో పెద్ద కుట్ర ఉంది. రాసుకో."

ఇంతకీ వీడేమన్నా మన తరహా హీరోనా అంటే, అదీ కాదు. తాత నౌకాదళంలో పేరు మోసిన వైస్ అడ్మిరల్, తండ్రి ప్రపంచ ప్రభుత్వాన్నే కూలుస్తానని తిరిగే విప్లవకారుడు. ఇంత సరుకు మన హీరోగారి చేతిలో పడితే ఇంటర్వెల్ లోపు నాలుగుసార్లు తొడ కొట్టి, రెండుసార్లు వంశవృక్షం చదివేవాడు. వీడికి ఆ ధ్యాసే లేదు. తింటాడు, నిద్రపోతాడు, ముక్కులో వేలు పెట్టుకుంటాడు. ఓ ఊరికి వెళ్తాడు. అక్కడ ఎవడో రాజు జనాన్ని పీడిస్తుంటాడు. ఎవరో ఏడుస్తూ సాయం అడుగుతారు. సరే అంటాడు. అంతే, రాజుగారి పని అయిపోయినట్టే.

ఆ కథలో సెలెస్టియల్ డ్రాగన్లని ఓ దొరల జాతి ఉంది. సామాన్యులు పీల్చే గాలి తమకి సోకకూడదని తలకి బుడగలు తొడుక్కుని తిరుగుతారు. బానిసల వేలంలో ఒకడు లుఫీ స్నేహితుణ్ణి తుపాకీతో కాల్చి, బానిస ఊరికే దొరికాడని సంబరపడతాడు. దొరని తాకితే అడ్మిరల్ యుద్ధనౌకలేసుకుని దిగుతాడని అందరికీ తెలుసు. లుఫీ మెట్లెక్కి వెళ్లి మొహం మీద ఒక్కటిస్తాడు. దొర ఎగిరి బల్లల మధ్య పడతాడు. (ఆ పేజీ నేను ఎన్నిసార్లు తిరగేశానో ఇంట్లో వాళ్లకి చెప్పకండి.)

ఇప్పుడు చెప్పండి. ఈ బొమ్మ చూసి మామూలు మనిషికి భయమెందుకు? గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునేవాడుంటాడని విన్నాం. వీళ్లు భుజాలతో ఆగలేదు, తలమీద బుడగ ఉందో లేదో కూడా తడిమి చూసుకున్నారు.

అదే ఆగస్టులో, ఇండోనేషియా పార్లమెంటు సభ్యులకి ఇంటి భత్యం నెలకి 5 కోట్ల రుపియాలని బయటపడింది. జకార్తా కనీస వేతనానికి దాదాపు పది రెట్లు. జనం రోడ్డెక్కారు. 28వ తేదీ రాత్రి పోలీసుల ఉక్కు బండి ఓ బైక్ టాక్సీ కుర్రాడి మీదుగా వెళ్లిపోయింది. 21 ఏళ్లు. గుడ్డ ముక్కని చూసి దేశం చీలిపోతోందని గుండెలు బాదుకున్న పెద్దమనుషులారా, ఆ రాత్రి చీలింది ఏమిటి? రెండు వారాలు తిరక్కుండా సెప్టెంబరు 8న నేపాల్‌లో, సోషల్ మీడియా ఆపేశారేమని అదే జెండా పట్టుకుని అడిగిన పిల్లల మీద తుపాకులు పేల్చారు. ఒక్క రోజులో 19 మంది. యూనిఫామ్ విప్పకుండా బడి నుంచి తిన్నగా వచ్చిన పిల్లలు కూడా ఆ గుంపులో ఉన్నారు. కథలో విలన్లకైనా వందల పేజీల తర్వాత కాస్త సిగ్గు రాస్తారు. వీళ్లకి అది కూడా ఎవరూ రాయలేదు.

మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. ఖాట్మండూలో ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బార్ కాలిపోతుంటే, దాని గేటుకి ఆ పుర్రె జెండా వేలాడుతూ ఉంది.

తర్వాత మడగాస్కర్. అక్కడి కుర్రాళ్లు పుర్రె తల మీంచి గడ్డి టోపీ తీసేసి, వాళ్ల ఊళ్లలో పెట్టుకునే టోపీ పెట్టారు. పాపం, సమీక్షా సమావేశం వారికి పని పెరిగింది. ఇకమీద ప్రతి దేశంలోనూ ఎవరు ఏ టోపీ పెట్టుకుంటారో లెక్క రాసుకోవాలి.