ఎనిమిది వాట్ల కచేరీ

ఏ వస్తువు కొన్నా దాని జాతిలో మేలైనదే కొనాలన్నది మా బావగారి పట్టుదల. పాటలు వినడానికి ఆంప్లిఫయర్ చెన్నైలో కొన్నారు, స్పీకర్లు హైదరాబాద్‌లో కొన్నారు. రెండూ మేలైనవే. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు, అంతే.

ఆంప్లిఫయర్‌లో పాటను పెద్దది చేసేవి 300బీ అనే, బల్బుల్లాంటి గాజు వాల్వులు, పక్కకు ఒకటి చొప్పున. 1930లలో అమెరికా సినిమా హాళ్లలో వాడిన రకం. ఒక్కో వాల్వు ఇచ్చేది ఎనిమిది వాట్లు. అక్కడ పెద్ద పెద్ద కొమ్ము స్పీకర్లుండేవి కనుక ఆ కాసిని వాట్లకే హాలు నిండేది. బావగారి స్పీకర్లు చూడ్డానికి ముచ్చటగా, చిన్నగా ఉంటాయి. తిండి మాత్రం ఎక్కువ. వాటికి ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 84 డెసిబెల్స్ పలుకుతాయి. ఆ పైన మూడు డెసిబెల్స్ పెరగాలన్న ప్రతిసారీ వాట్లు రెట్టింపు కావాలి. ఎనిమిది వాట్లతో ఎంత దూరం పోతారు?

మొదటి కచేరీకి నన్నూ పిలిచారు. బావగారు పంచె కట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. గాయకుడు ఆలాపన ఎత్తుకోగానే వంటింట్లో అక్కయ్య కొబ్బరి పచ్చడికి మిక్సీ వేసింది. ఆలాపన అక్కడితో సరి.

"వాల్యూమ్ పెంచండి బావగారూ" అన్నాను.

"పెంచేశానోయ్. ఇంక తిరగదు."

మిక్సీ ఆగాక విన్నాం. గాత్రం బాగుంది కానీ మృదంగం పెట్టె మీద వేళ్లతో తట్టినట్టుంది, గుమ్మని పలికే ఎడమ వైపు, అదే తొప్పి, మోతే లేదు. వాట్లు తక్కువైతే కింది స్వరాలు ఇలాగే పోతాయని బావగారు తేల్చేశారు. నేను వంగి వెనక్కి చూస్తే, ఒక స్పీకరుకు ఎర్ర తీగ నల్ల మరలో, నల్ల తీగ ఎర్ర మరలో బిగించి ఉంది. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఇక గుమ్మెక్కడ మిగులుతుంది? తీగలు మార్చాక తొప్పి వచ్చింది. వాట్లు మాత్రం ఎనిమిదే.

స్పీకర్లు మార్చుకోమని చెప్పి చూశాను. "ఇంత మంచివి మారుస్తారటోయ్?" పోనీ ఆంప్లిఫయర్? దానికి ఆయన చూసిన చూపు చెప్పతరం కాదు.

ఈ రకం వాల్వులకో గుణం ఉంది. పాట ఉన్నా లేకున్నా ఒకేలా కరెంటు తింటాయి. అందులో అధిక భాగం వేడిగానే బయటికి వస్తుంది. డిసెంబరు చలికి దోసెల పిండి పులియక అవస్థ పడుతున్న అక్కయ్య ఈ సంగతి బావగారికంటే ముందే కనిపెట్టింది. ఆంప్లిఫయర్ పై అరలో, పాత తువ్వాలు చుట్టిన గిన్నెను ఆయన ఇంకా గమనించలేదు.

"పొద్దు గూకితే చాలు, మీ అక్కయ్యే 'ఏమండీ, మీ పెట్టె వేయరూ' అంటోంది" అని మొన్న ఫోనులో మురిసిపోయారు. "మీ ఇంటివాళ్లకు సంగీతం ఆలస్యంగా ఎక్కుతుందోయ్!"