ఈమాన్ తగ్గితేనే డిప్రెషన్ వస్తుందా?

డిప్రెషన్‌తో కుంగిపోతున్న మనిషికి ముందుగా వినిపించే మాట, 'నమాజ్ సరిగా చదువుతున్నావా? ఈమాన్ (దైవ విశ్వాసం) తగ్గినట్టుంది' అని. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. వినేవాడికి మాత్రం ఉన్న బాధకు తోడు పాపభయం కూడా పట్టుకుంటుంది.

ఈ మాటకు ఆధారంగా ఖుర్ఆన్‌లోని 'వారి హృదయాల్లో రోగం ఉంది' (2:10) అనే వాక్యాన్ని చూపిస్తుంటారు. ఆ వాక్యం కపట విశ్వాసుల గురించి. అక్కడ రోగమంటే నిఫాక్, అంటే పైకి ఒకటి, లోపల ఒకటి. ఇస్లామీ పండితుడు ఇమామ్ గజాలీ లెక్కపెట్టిన హృదయ రోగాలూ ఇలాంటివే: అహంకారం, అసూయ, పదిమంది మెప్పు కోసం చేసే ఆరాధన. తమాషా ఏమిటంటే, ఈ రోగాలున్నవాడికి చాలాసార్లు హాయిగా నిద్ర పడుతుంది. నిద్ర పట్టనివాడికి ఈ రోగాలు అంటగట్టడమే మనం చేస్తున్న పొరపాటు.

యాఖూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి, దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆనే (12:84) చెబుతోంది. ఆయన ఈమాన్‌ను ఎవరైనా శంకిస్తారా?

అలాగని లోపలి కారణాలు అసలే లేవనను. చేసిన తప్పు మనసును తొలుస్తుంది, అసూయ మనిషిని తినేస్తుంది. 1095లో బాగ్దాద్‌లో పాఠం చెబుతున్న గజాలీకి నోట మాట ఆగిపోయింది. ముద్ద దిగలేదు. ఇది మనసులో పుట్టి ఒంటికి పాకింది, మందుతో లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. పేరు కోసమే పాఠాలు చెబుతున్నానా అని ఆయన తనను తానే నిలదీసుకుంటున్న రోజులవి. ఆ నిర్ధారణ ఆయన తన గురించి చేసుకున్నది. ఇంకొకరు వచ్చి మీద రుద్దింది కాదు.

ఆయనకన్నా ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దిగులును రెండు రకాలుగా విడదీశాడు: కారణం తెలిసిన దిగులు, కారణం తెలియని దిగులు. రెండోదానికి మూలం శరీరంలోనే ఉందని, దానికి శరీర చికిత్స కూడా కావాలని రాశాడు. వెయ్యేళ్ల కిందటి ముస్లిం పండితుడికి తోచిన తేడా ఇది. జిక్ర్‌తో, అంటే దైవస్మరణతో, మనసు కుదుటపడుతుందన్న ఖుర్ఆన్ మాట (13:28) నిజమే. కానీ అది మందు మానేయమని చెప్పదు.

వస్వసా (మనసును వదలని అనుమానం) సంగతే చూడండి. ఒకడు వుజూకి, అంటే నమాజ్‌కు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, కూర్చుంటాడు. మోచేయి తడిసిందా? మళ్లీ కడుగుతాడు. తడిసిందని కంటికి కనిపిస్తున్నా మనసు ఒప్పుకోదు. నీళ్లు పోతూనే ఉంటాయి, అవతల జమాత్ (సామూహిక నమాజ్) అయిపోతుంది. పైకి చెప్పలేని ఆలోచనలు వస్తున్నాయని సహచరులు వాపోతే, దైవప్రవక్త (స) వాళ్లను తిట్టలేదు. ఆ ఆలోచనలకు బెంబేలెత్తడమే స్వచ్ఛమైన ఈమాన్ అన్నారు. ఇలాంటి అనుమానాన్ని పట్టించుకోవద్దు, మళ్లీ కడగొద్దు అని ఫిఖహ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) పండితులు చెబుతారు. ఓసీడీకి (వదలని అనుమానంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మతకు) చికిత్స చేసే డాక్టరు చెప్పేదీ దాదాపు అదే: అనుమానం ఉన్నా సరే, కుళాయి కట్టేసి లేచిరా.