"పైథాన్ ఒక్కటి చాలు" అన్న మెసేజ్‌లో తప్పులివి

నెల్లూరు, ఒంగోలు బీటెక్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "పీహెచ్‌పీ చచ్చిపోయింది. జావా పాతబడింది. వెబ్ ఉద్యోగానికి పైథాన్ ఒక్కటి వస్తే చాలు. ఏ ఊళ్లో అయినా ఇదే లెక్క." ఈ మూడూ ప్రోగ్రాములు రాసే భాషలు. ఇది నమ్మి ఇళ్లల్లో కోర్సు ఫీజులు కడుతున్నారు. అందుకే ఏ మాటకు ఆ మాట జవాబు చెప్పాలి.

పీహెచ్‌పీ చచ్చిపోయిందా? 2020 నవంబరులో దాని 8.0 వెర్షన్ వచ్చింది, అప్పట్నుంచి ఏటా కొత్త వెర్షన్ వస్తూనే ఉంది. ప్రపంచంలో 40 శాతానికి పైగా వెబ్‌సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీలో రాసిందే. మన దగ్గరికే వద్దాం. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారికో, రొయ్యల హేచరీకో, ప్రైవేటు స్కూలుకో సైటు కావాలంటే చవకగా షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు కలిసి వాడుకునే సర్వర్‌లో చోటు) తీసుకుంటారు. అందులో పీహెచ్‌పీ, డేటా దాచే మైఎస్‌క్యూఎల్ ముందే ఉంటాయి. ఫైళ్లు ఎక్కిస్తే సైటు లేస్తుంది. పైథాన్‌లో జాంగో (సైట్లు కట్టే సాధనం)తో కడితే ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి, పడిపోతే లేపాలి. దానికి మామూలుగా వీపీఎస్ (మనకే కేటాయించిన వర్చువల్ సర్వర్) విడిగా తీసుకోవాలి, చూసుకునే మనిషీ కావాలి. పది పేజీల సైటుకు ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఈ పీహెచ్‌పీ పనిలో డబ్బులొచ్చేది పాత కోడ్ బాగుచేయడం దగ్గర. హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ వెర్షన్ మార్చగానే పాత సైటు తెల్లపేజీ అయిపోవచ్చు. చాలా పాత సైటైతే ముందు డేటాబేస్‌కి కలిపే పాత ఫంక్షన్ 'మైఎస్‌క్యూఎల్_కనెక్ట్' (mysql_connect) కోసం కోడ్‌లో వెతకండి. ఆ రకం ఫంక్షన్లను 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు, పీడీఓకి (డేటాబేస్‌తో మాట్లాడే వేరే పద్ధతికి) మార్చి రాయాలి.

ఇక తెలుగు పేర్లు సైట్లో చెడిపోకుండా చూడటం. 'నెల్లూరు' కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో (అన్ని భాషల గుర్తులకూ నంబర్లిచ్చే పద్ధతిలో) 8 గుర్తులు, యూటీఎఫ్-8లో (వాటిని కంప్యూటర్ దాచే పద్ధతిలో) 24 బైట్లు. పొడవు చెప్పే పీహెచ్‌పీ ఫంక్షన్లలో 'ఎస్‌టీఆర్‌లెన్' 24 అంటుంది, 'ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్' 8 అంటుంది. ముక్క కోసే మామూలు ఫంక్షన్ 'సబ్‌ఎస్‌టీఆర్'తో 10 బైట్ల దగ్గర కోశారంటే నాలుగో గుర్తు మధ్యకి తెగి చివర పిచ్చిబొమ్మ పడుతుంది. డేటాబేస్ టేబుల్ లాటిన్1లో (తెలుగు అక్షరాలు పట్టని పద్ధతిలో) ఉంటే పేరంతా ప్రశ్నార్థకాలుగా సేవ్ కావచ్చు, అలా అయిందా అసలు పేరు ఇక తిరిగి రాదు. టేబులూ కనెక్షనూ రెండూ యూటీఎఫ్8ఎంబీ4లో (తెలుగు పట్టే పద్ధతిలో) పెట్టాలి. ఇది చూపించగలిగిన కుర్రాడికి మన ఊళ్లో పని దొరుకుతుంది.

జావా పాతబడలేదు, కాలేజీల్లో చెప్పే జావా పాతబడింది. హైదరాబాద్, చెన్నైలలో బ్యాంకుల, బీమా కంపెనీల పనిచేసే పెద్ద సంస్థలు స్ప్రింగ్ బూట్ (జావాతో వెబ్ పనులకు వాడే సాధనం), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) అడుగుతాయి. కొన్ని మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ అడుగుతాయి. 2014 నాటి జావా 8 దగ్గర ఆగిపోకుండా 17 గానీ 21 గానీ పట్టుకోండి.

పైథాన్ మంచి భాషే. కానీ ఆ పేరుతో వచ్చే ప్రకటనల్లో డేటా పనులు, టెస్టింగ్ పనులు బాగా కలిసి ఉంటాయి, అవన్నీ వెబ్ ఉద్యోగాలు కావు. పైగా సర్వర్ వైపు ఏ భాష రాసినా బ్రౌజర్‌లో పేజీని కదిలించేది జావాస్క్రిప్టే. అది రాకుండా 'ఒక్కటి చాలు' అనడం పిల్లల్ని ముంచడమే.

ఏ ఊళ్లో అయినా ఒకటే లెక్కా? ఫీజు కట్టకముందు మీరే లెక్కేయండి. నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో ఊరు, 0–1 ఏడాది అనుభవం (లింక్డ్‌ఇన్‌లో 'ఎంట్రీ లెవెల్'), గత 7 రోజులు అని పెట్టండి. హైదరాబాద్, చెన్నై, నెల్లూరు, ఒంగోలు విడివిడిగా చూడండి. 'పైథాన్' అని కాదు, 'జాంగో', 'ఫాస్ట్‌ఏపీఐ' (పైథాన్‌తో వెబ్ పనులకు వాడే మరో సాధనం) అని వెతకండి. 'పీహెచ్‌పీ'తో పాటు 'లారావెల్' (పీహెచ్‌పీతో సైట్లు కట్టే సాధనం), 'వర్డ్‌ప్రెస్' అని కూడా. 'జావా' అని కొడితే జావాస్క్రిప్ట్ ప్రకటనలూ వచ్చి పడతాయి, 'స్ప్రింగ్ బూట్' అనండి. ఊరికి 30 ప్రకటనలు తెరిచి, అడిగిన ప్రతి నైపుణ్యానికీ కాగితం మీద గీత పెట్టండి. 30 లేకపోతే ఉన్నన్నే. ఒకే ప్రకటన రెండుసార్లు వస్తే ఒకటే గీత. శిక్షణ ఇచ్చి ఉద్యోగమిస్తామనేవి, డిపాజిట్ అడిగేవి కొట్టేయండి, అవి ఉద్యోగాలు కావు. వారం ఆగి మళ్లీ లెక్కేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు కోర్సు సంగతి మాట్లాడండి.