ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు గోడకి ఒక్క కాగితం అంటించండి చాలు

ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు మెట్ల మీద ఫైళ్లు పట్టుకుని కూర్చున్న పిల్లల్ని ఎవర్ని కదిపినా ఒకటే మాట: "సీనియారిటీ వస్తే కాల్ లెటర్ వస్తుందంట." సీనియారిటీ అంటే ఇక్కడ పేరు నమోదు చేసుకున్న తేదీ వరస. ఆ 'అంట' మీదే ఏళ్లు గడిచిపోతున్నాయి.

అసలు సంగతి వినండి. ఈ వ్యవస్థని దశాబ్దాలు నడిపింది 1959 నాటి చట్టం. ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, ప్రైవేటులో 25 మందీ ఆపైన పనిచేసేవీ ఖాళీల సంగతి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి, అంటే ఈ ఆఫీసుకే, తెలపాలంది. తెలపాలి, అంతే. అక్కడివాళ్లనే తీసుకోవాలని లేదని అదే చట్టం నాలుగో సెక్షన్ విడమరిచి చెప్పింది. తెలపకపోతే జరిమానా మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1000 దాకా ఉండేది. కంపెనీ వాడి టీ ఖర్చు! ప్యూను, స్వీపరు, వాచ్‌మన్ లాంటి పనులకైతే అదీ వర్తించేది కాదు. మెట్ల మీద ఎక్కువమంది ఎదురుచూసేది వాటికే మరి.

పైగా 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ కేసులోనే సుప్రీంకోర్టు ఎక్స్ఛేంజి జాబితా ఒక్కటే చాలదు, పేపర్లో ప్రకటన ఇచ్చి వచ్చినవాళ్లందరినీ చూడాలంది. న్యాయమే. ఎక్స్ఛేంజిలో పేరు నమోదైన కార్డు లేనివాడేం పాపం చేశాడు? కానీ ఆ తర్వాత కార్డు విలువ ఎంత మిగిలిందో మెట్ల మీదున్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ వచ్చి ఎక్స్ఛేంజిని 'కెరీర్ సెంటర్' అంది. బోర్డు మారుతుంది, బెంచీల సంగతి ఆ కోడ్‌లో లేదు.

అలాగని కార్డు పారేయకండి. మూడేళ్లకోసారి రెన్యువల్ తప్పిందా, పాత సీనియారిటీ పోయి మళ్లీ మొదటికే వస్తారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఆధార్‌లో పూర్తిగా ఉంటే వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోవచ్చు. ఆధార్ ముందే సరిచేయించుకోండి. నంబరు మార్చితే ఓటీపీ పాత సిమ్‌కి పోతుంది. డిగ్రీ, ఐటీఐ, టైపు హయ్యర్ పాసైనా కార్డులో ఎక్కించకపోతే, ఆ అర్హత అడిగిన జాబితాలో మీ పేరు రాదు.

జాబ్ మేళాల్లో 'జీతం పదిహేను వేలు' అంటే చేతికొచ్చేదెంత, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, హాస్టల్ ఖర్చెవరిదని అడగండి. డిపాజిట్ అన్నారా, లేచి వచ్చేయండి.

మంచినీళ్లు, ఆడపిల్లలకి బాత్రూమ్, నాలుగు బెంచీలు అడగడం తప్పు కాదు. వాటికంటే చవకైనది ఒకటుంది. ఈ నెల ఎన్ని ఖాళీలొచ్చాయి, ఏ అర్హతకి ఏ తేదీ సీనియారిటీ దాకా పిలిచారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని ఒక్క కాగితం గోడకి అంటించాలి. సగం మంది ఆ రోజే ఇంటికెళ్లి చదువుకుంటారు.

అంటించకపోతే ఈ మూడు ప్రశ్నలే రాసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకి అదీ లేదు. జవాబుకి గడువు 30 రోజులు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.