అడ్డగీత గిట్టని ఫారం గారికి

మహారాజశ్రీ ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం గారి దివ్య సముఖమునకు,

గుంటూరు నుంచి నమస్కరించి రాయునది. ఈ మధ్యాహ్నమంతా తమరి సేవలోనే కరిగిపోయింది. ఏ మాటకామాటే, తమరి రంగులు బాగున్నాయి.

పేచీ అంతా చిరునామా గడి దగ్గరే. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటోవాళ్లని అడిగినా చెబుతారు. తమరికి మాత్రం ఆ ఏటవాలు గీత ‘స్పెషల్ క్యారెక్టర్’. ఇంటి నంబర్లో అడ్డగీతలూ గిట్టవు. 5-87-12లో గీతలు పీకేస్తే 58712. 58-7-12 వాళ్లు పీకేసినా అదే 58712. మరి ఉత్తరం ఎవరి గుమ్మంలో పడేయిస్తారు?

ఈ పథ్యం ఎందుకో తెలుసు లెండి. డేటాబేస్‌లోకి ఎవడో దొంగ కోడ్ దూరుస్తాడని, అక్షరాలూ అంకెలూ తప్ప మరేదీ రాకుండా తమరిని కట్టినాయన ఒక ప్యాటర్న్ బిగించాడు. దొంగల భయానికి గుమ్మాన్నే గోడతో మూసేసినట్టు! దానికి మందు వేరే ఉంది. మేం రాసిన విలువల్ని క్వెరీలో, అంటే డేటాబేస్‌కిచ్చే ఆజ్ఞలో, అతికించకుండా పారామీటర్లుగా విడిగా పంపాలి, తెర మీద చూపేటప్పుడు కోడ్‌గా కాక ఉత్త అక్షరాలుగానే కనబడేలా ఎస్కేప్ చెయ్యాలి. అప్పుడు గీతలేం ఖర్మ, కొటేషన్ గుర్తులొచ్చినా భయం లేదు.

పోనీ, గడి దాటగానే చెబుతారా? అబ్బే. సబ్మిట్ నొక్కాక, సర్వర్ దాకా వెళ్లొచ్చి, పేజీ నెత్తిన ఎర్రగా ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’. ఏ గడిలో? చెప్పరు. కిందికి జరిపి చూస్తే అన్నీ ఖాళీ! సర్వర్‌కి చేరిన విలువల్నే మళ్లీ గడుల్లో నింపి పంపడానికి ఏం రోగం? ఎంచుకున్న ఫొటో ఫైలుని తిరిగి పెట్టడానికి బ్రౌజర్ ఒప్పుకోదు, నిజమే. పేరూ ఊరూ ఏం పాపం చేశాయి?

పుట్టినతేదీకి క్యాలెండర్ ఇచ్చి 1968 దాకా నెల నెలా వెనక్కి నొక్కించడం సరే. రోజుకీ నెలకీ ఏడాదికీ అంకెలు కొట్టే మూడు గడులు చాలని ఎవరికీ తట్టదు. టైమైపోయిందని మాటైనా చెప్పకుండా సెషన్ తెంచెయ్యడం ఇంకోటి. గడువు తీరేముందు హెచ్చరించి, పొడిగించుకోడానికి కనీసం 20 సెకన్లివ్వాలని 2008లోనే డబ్ల్యూసీఏజీ 2.0 (వెబ్ పేజీలు అందరికీ వాడుకునేలా ఉండాలనే ప్రమాణం) చెప్పింది.

ఇంక మర్యాద నావల్ల కాదు. ఒరే ఫారమూ, గీత నచ్చకపోతే ఆ ముక్క ఆ గడి కిందే రాసి చావు. అసలు ఆ ప్యాటర్నే పీకి పారెయ్. మూడు వరసలు పట్టే ఒక్క టెక్స్ట్ ఏరియా పెట్టు. మేం రాసుకుంటాం, పోస్ట్‌మ్యాన్ చదువుకుంటాడు. మధ్యలో నీకెందుకు?